పాత ఇంజన్‌లో ఆ ‘టింగ్ టింగ్’ చప్పుడు: టైమింగ్, కార్బొరేటర్, సీసం కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక చప్పుడు గురించి. రేకు డబ్బాలో నాలుగు గోళీలు వేసి ఊపితే ఎలా ఉంటుంది? అచ్చం అలాంటి చప్పుడు. ఒక పాత అంబాసిడర్‌నో పద్మినినో టాప్ గేర్‌లోనే ఉంచి ఘాట్ రోడ్డు ఎక్కించండి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి, బానెట్ కింద నుంచి టింగ్ టింగ్‌మని వినిపించే అవకాశం బాగా ఉంది. మెకానిక్‌లు దాన్ని నాకింగ్ అంటారు, కొందరు పింగింగ్ అంటారు. మీలో చాలామంది దాన్ని ఎప్పుడూ విని ఉండరు. మీరు బండి ఎక్కే వయసుకి ఆ చప్పుడు రాకుండా కాపలా కాసే కంప్యూటర్ ఇంజన్‌లోకి వచ్చేసింది కాబట్టి.

ఆ కంప్యూటర్ రాకముందు మాత్రం ఈ చప్పుడు ఆపడానికి మనుషులు చాలా తంటాలు పడ్డారు. ఆ తంటాల్లో ఒకటి ప్రపంచం మొత్తం పీల్చే గాలిలో విషం కలిపింది. ఇంకొకటి, అప్పట్లో పక్కన పెట్టేసినది, ఇప్పుడు మన పెట్రోల్ బంకుల్లో ఈ20 అనే పేరుతో మళ్లీ కనిపిస్తోంది. పాత కారు టైమింగ్, కార్బొరేటర్ సెట్ చేయడం అంటే స్క్రూలు తిప్పడమే అనుకుంటాం. నా దృష్టిలో మాత్రం అది పెట్రోల్ చరిత్రతో చేసే పని. ఎలాగో చెప్తాను.

ముందు అసలు టైమింగ్ అంటే ఏంటో చూద్దాం. పిస్టన్ పైకి వెళ్తూ గాలి, పెట్రోల్ ఆవిరి కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ ఇస్తుంది. మిశ్రమం మండి పిస్టన్‌ని కిందకి తోస్తుంది. ఇంతవరకు స్కూల్లో చదువుకున్నదే. స్కూల్లో గట్టిగా చెప్పనిది ఏంటంటే, ఆ మిశ్రమం టక్కున మండిపోదు. మంట ప్లగ్ దగ్గర మొదలై అవతలి గోడ దాకా పాకడానికి టైమ్ పడుతుంది. లెక్క కోసం 2 మిల్లీసెకన్లు అనుకుందాం. ఇంత చిన్న టైమ్‌కి లెక్కేంటి అంటారా? ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో ఉంటే క్రాంక్ సెకనుకి 50 చుట్లు తిరుగుతుంది. అంటే 18,000 డిగ్రీలు. 2 మిల్లీసెకన్లలోనే 36 డిగ్రీలు తిరిగిపోతుంది. అదే ఇంజన్ స్లోలో 800 ఆర్‌పీఎం దగ్గర ఉంటే, అదే 2 మిల్లీసెకన్లలో 10 డిగ్రీలు కూడా తిరగదు.

కాబట్టి పిస్టన్ పైకొచ్చాక రవ్వ ఇద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. ముందే ఇవ్వాలి. ఎంత ముందు అన్నది స్పీడ్‌ని బట్టి మారుతూ ఉండాలి. చిన్నప్పుడు ఉయ్యాల ఊపారు కదా. ఉయ్యాల మీ వైపు వచ్చి, ఆగి, వెనక్కి మళ్లిన క్షణంలో తోస్తే హాయిగా వెళ్తుంది. ఇంకా మీ వైపు వస్తుండగానే తోస్తే మీ మణికట్టు పోతుంది. బాగా దూరం వెళ్లాక తోస్తే మీ బలం వృథా. ఇంజన్‌లో కూడా అంతే. లోపలి ఒత్తిడి, పిస్టన్ పైకొచ్చి మళ్లీ దిగడం మొదలుపెట్టిన కొద్ది డిగ్రీలకి, సుమారు 15 డిగ్రీల దగ్గర, గరిష్ఠానికి చేరాలి. రవ్వ మరీ ముందుగా పడితే పైకొస్తున్న పిస్టన్ మీద దెబ్బ. ఆలస్యమైతే పికప్ ఉండదు, వేడంతా సైలెన్సర్‌లోకి పోతుంది, ఇంజన్ హీట్ ఎక్కుతుంది, పెట్రోల్ తాగేస్తుంది.

మరి ఆ డిగ్రీలు ఎవరు మార్చాలి? మొదట్లో డ్రైవరే! 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ తీసుకోండి. 1927 దాకా సుమారు కోటీ 50 లక్షల బండ్లు తయారయ్యాయి. ఆ కారు స్టీరింగ్ కింద రెండు చిన్న లివర్లు ఉంటాయి. కుడిది పెట్రోల్‌కి, అంటే మన యాక్సిలరేటర్. ఎడమది స్పార్క్‌కి. బండి స్పీడ్ పెరిగేకొద్దీ డ్రైవర్ ఎడమ చేత్తో లివర్ కిందకి లాగుతూ రవ్వని ముందుకి జరపాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ బరువెక్కితే మళ్లీ పైకి తొయ్యాలి. అంటే ఇప్పుడు మీ బైక్‌లో ఈసీయూ చేసే పని ఆ రోజుల్లో ఒక రైతు, పొలం నుంచి టౌన్‌కి వెళ్తూ, చెవితో వింటూ చేసుకునేవాడు.

ఆ లివర్‌ని మర్చిపోతే శిక్ష కూడా అక్కడికక్కడే. అప్పట్లో ముందు హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేయాలి. స్పార్క్ లివర్ వెనక్కి నెట్టకుండా తిప్పారనుకోండి, పిస్టన్ పైకి రాకముందే మిశ్రమం అంటుకుని హ్యాండిల్ ఎదురు తిరిగి కొడుతుంది. చేతులు విరగడం అప్పట్లో మామూలు ప్రమాదం. టైమింగ్ తప్పితే ఏమవుతుందో ఎముకతో నేర్చుకున్న తరం అది.

ఇక్కడ ఒక మనిషిని పరిచయం చేయాలి. చార్లెస్ కెటరింగ్. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, డేటన్ అనే ఊరు. 1909లో ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో అనే కంపెనీ పెట్టాడు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లు ఉన్న ఇగ్నిషన్ పద్ధతిని 1910 మోడల్ క్యాడిలాక్ కార్లకి అందించాడు. 1912 క్యాడిలాక్‌లో ఎలక్ట్రిక్ స్టార్టర్ కూడా ఈయన పనే. హ్యాండిల్ బాధ తప్పించినవాడు అన్నమాట. పాత అంబాసిడర్‌లో, పద్మినిలో ఉండేది మూలంలో ఈయన పద్ధతే. బ్యాటరీ నుంచి కరెంట్ కాయిల్‌లోకి వెళ్తుంది. డిస్ట్రిబ్యూటర్‌లో ఒక క్యామ్ తిరుగుతూ పాయింట్లని తెరుస్తుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో కరెంట్ ఆగి, కాయిల్‌లో అయస్కాంత శక్తి కూలిపోయి వేల వోల్టులు పుడతాయి. ఆ వోల్టేజే ప్లగ్ దగ్గర రవ్వగా దూకుతుంది. గుర్తుపెట్టుకోండి, పాయింట్లు మూసుకున్నప్పుడు కాదు, తెరుచుకున్నప్పుడే రవ్వ. ఇది తర్వాత పనికొస్తుంది.

నెమ్మదిగా డ్రైవర్ చేతిలోని లివర్ పోయి ఆ పని డిస్ట్రిబ్యూటర్‌లోకే వెళ్లిపోయింది. లోపల రెండు చిన్న బరువులు, వాటికి స్ప్రింగులు. స్పీడ్ పెరిగితే బరువులు బయటికి విచ్చుకుని క్యామ్‌ని కాస్త ముందుకి తిప్పుతాయి. పక్కన ఇంకో డబ్బా ఉంటుంది, దానికి కార్బొరేటర్ వైపు నుంచి ఒక సన్నటి గొట్టం. అది వ్యాక్యూమ్ అడ్వాన్స్. బండి ఖాళీ రోడ్డు మీద మెల్లగా, యాక్సిలరేటర్ కొంచెమే తొక్కి పోతున్నప్పుడు సిలిండర్‌లోకి మిశ్రమం తక్కువ వెళ్తుంది, అది మెల్లగా మండుతుంది. అప్పుడు రవ్వ ఇంకాస్త ముందే కావాలి. ఆ పని ఈ గొట్టం చేస్తుంది. ఇంత చిన్న స్ప్రింగులతో, ఒక్క చిప్ లేకుండా ఇదంతా చేశారంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఇక కార్బొరేటర్. దీని చరిత్ర త్వరగా చెప్పేస్తాను. మొదట్లో పెట్రోల్ ఉన్న గిన్నె మీదుగా గాలి పంపి, లేచిన ఆవిరితో నడిపించేవారు. 1893 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు విడివిడిగా, పెట్రోల్‌ని సన్నటి రంధ్రంలోంచి చిమ్మే పద్ధతి తెచ్చారు. సన్నటి గొంతులోంచి గాలి వేగంగా వెళ్తే అక్కడ ఒత్తిడి తగ్గి పెట్రోల్‌ని పైకి లాగుతుంది. అంతే సూత్రం. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో స్కిన్నర్ సోదరులు ఎస్‌యూ కార్బొరేటర్ చేశారు. వాళ్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. మొదటి ఎస్‌యూలో కదిలే భాగం తోలుతో చేసిన తిత్తి! కమ్మరి కొలిమి తిత్తి లాంటిదే. చెప్పుల ఇంటివాళ్లకి చేతికి అందేది తోలే కదా. తర్వాత తిత్తి పోయి ఇత్తడి, అల్యూమినియం పిస్టన్ వచ్చింది. 1926లో ఆ కంపెనీ మోరిస్ చేతికి వచ్చింది. మన అంబాసిడర్ ఆ మోరిస్ వాళ్ల ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుకి తమ్ముడే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలై 2014 దాకా తయారైంది. చాలాకాలం దాంట్లో ఉన్న పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ, ఇంగ్లండ్‌లో బీ సిరీస్ అని పిలిచేవారు. పద్మినిది ఫియట్ ఇంజన్, 1089 సీసీ, దానికి ఫ్రెంచ్ మూలం ఉన్న సోలెక్స్ కార్బొరేటర్.

సరే, మళ్లీ చప్పుడు దగ్గరికి వద్దాం. నాకింగ్ అంటే లోపల ఏం జరుగుతోంది? దీపావళికి చిచ్చుబుడ్డి వెలిగిస్తే కింద నుంచి వరసగా, ఒక పద్ధతిగా మండుతుంది. లక్ష్మీబాంబు అలా కాదు, మొత్తం ఒక్కసారే. సిలిండర్‌లో మంట చిచ్చుబుడ్డిలా పాకాలి. కానీ మంట ఇంకా చేరని మూలన ఉన్న మిశ్రమం, ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారి పేలిపోతే? అదే నాకింగ్. ఆ దెబ్బకి లోహం మోగే చప్పుడే మీరు వినేది. కాసేపైతే ఫర్వాలేదు. రోజూ అలాగే నడిపితే పిస్టన్ తల మీద గుంటలు పడతాయి, రింగులు విరుగుతాయి, ఒక్కోసారి పిస్టన్‌కి చిల్లే పడుతుంది. రవ్వ ఎంత ముందుంటే ఈ ప్రమాదం అంత ఎక్కువ. మిశ్రమం పల్చబడి, ఇంజన్ వేడెక్కినా ఎక్కువే.

కెటరింగ్‌కి ఇది పరువు సమస్య అయింది. ఇంజన్లు కొడుతుంటే జనం నీ బ్యాటరీ ఇగ్నిషన్ వల్లే అన్నారు. పైగా ఆయన కంపెనీ పల్లెటూరి ఇళ్లకి కరెంటు ఇచ్చే చిన్న జనరేటర్లు అమ్మేది, కిరసనాయిలుతో నడిచేవి. అవి ఇంకా ఘోరంగా కొట్టేవి. 1916లో తన దగ్గర చేరిన థామస్ మిడ్గ్లీ అనే కుర్ర ఇంజనీర్‌కి ఈ పని అప్పగించాడు. మిడ్గ్లీ తేల్చింది ఏంటంటే తప్పు రవ్వది కాదు, ఇంధనానిది. దీంట్లో ఒక సరదా విషయం ఉంది. ఇంధనం ఎర్రగా ఉంటే వేడిని బాగా పీల్చుకుని ముందే ఆవిరవుతుందేమో అని వాళ్లకో ఊహ. ఎర్ర రంగు దొరక్క, చేతికందిన అయోడిన్ కలిపారు. నాకింగ్ తగ్గింది! వేరే ఎర్ర రంగులు తెచ్చి కలిపితే ఏం తగ్గలేదు. అంటే పనిచేసింది రంగు కాదు, అయోడిన్. ఊహ తప్పు, ఫలితం కరెక్ట్. సైన్స్‌లో ఇలాంటివి అప్పుడప్పుడు జరుగుతాయి.

అయోడిన్ ఖరీదెక్కువ, లోహాన్ని తినేస్తుంది. అక్కడి నుంచి ఒక్కో పదార్థం పరీక్షిస్తూ వెళ్లారు. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ ఆగుతుందని వాళ్లకి తెలుసు, పరీక్షించారు కూడా. ఇది గుర్తుంచుకోండి. కానీ ఆల్కహాల్ లీటర్లకి లీటర్లు కలపాలి. పొలాల్లో పండిన ఏ పంట నుంచైనా ఎవరైనా చేసుకోగలిగే దాని మీద పేటెంట్ ఏముంటుంది? 1921 డిసెంబర్ 9న టెట్రా ఇథైల్ లెడ్ పరీక్షించారు. సీసంతో చేసిన రసాయనం. గ్యాలన్‌కి కొన్ని మిల్లీలీటర్లు చాలు, చప్పుడు మాయం. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోనే అమ్మకం మొదలైంది. పేరు ‘ఇథైల్’. సీసం అన్న మాట పేరులో లేదు.

సీసం విషమని కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు, అప్పటికే తెలుసు. మిడ్గ్లీకే సీసం విషం ఎక్కి 1923 మొదట్లో విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. 1924 అక్టోబర్‌లో న్యూజెర్సీ బేవే రిఫైనరీలో ఈ రసాయనం తయారుచేసే చోట 5 మంది కార్మికులు చనిపోయారు, చాలామందికి మతి చలించి ఆసుపత్రి పాలయ్యారు. అదే నెల 30న మిడ్గ్లీ విలేకరుల ముందు ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని, ఒక నిమిషం వాసన పీల్చి, చూడండి ఏం కాదు అని చూపించాడు. తనకి ఏమైందో తెలిసి కూడా! 1925 మేలో ప్రభుత్వం ఒక సమావేశం పెట్టింది. హార్వర్డ్‌కి చెందిన డాక్టర్ ఆలిస్ హామిల్టన్ లాంటివాళ్లు ఇది వీధిలో నడిచే ప్రతి మనిషికీ చేరుతుందని గట్టిగా వాదించారు. కొన్నాళ్లు అమ్మకం ఆగింది, తర్వాత మళ్లీ మొదలైంది, ప్రపంచమంతా పాకింది.

ఇంకో మాట. ఈ సీసం ఇంజన్‌లో పేరుకుపోయి ప్లగ్‌లని, వాల్వులని పాడుచేసేది. అందుకని బ్రోమిన్ ఉన్న రసాయనం కూడా కలిపేవారు. దాంతో సీసం ఆవిరై సైలెన్సర్ గుండా బయటికి వెళ్లిపోతుంది. ఇంజన్ శుభ్రం. బయట ఎవరున్నారు? రోడ్డు పక్కన బడ్డీ కొట్టువాడు, స్కూలుకి నడిచివెళ్లే పిల్లలు. పిల్లల మెదడు ఎదుగుదలని సీసం దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫర్వాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది.

మన దగ్గర 1995లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో కొత్త కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టినప్పుడు సీసం లేని పెట్రోల్ వచ్చింది. సీసం ఆ కన్వర్టర్‌ని కూడా చంపేస్తుంది మరి. దేశమంతా సీసం ఆగింది 2000 ఫిబ్రవరిలో. అంటే హైదరాబాద్‌లో, విజయవాడలో 1990లలో పెరిగిన ప్రతి ఒక్కరూ, నాతో సహా, ఆ గాలి పీల్చినవాళ్లమే. ప్రపంచంలో కార్లకి చివరిగా ఆపింది అల్జీరియా, 2021లో. డేటన్‌లో మొదటి అమ్మకం నుంచి లెక్కేస్తే 98 ఏళ్లు.

ఇప్పుడు చేతులకి మసి చేసుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దగ్గర ఒకసారి గంటల తరబడి కూర్చున్నాను. ఒకాయన అంబాసిడర్ తెచ్చి, ‘మేస్త్రీ గారూ, కార్బొరేటర్ చూడండి, బండి లాగట్లేదు’ అన్నాడు. ఆయన కార్బొరేటర్ వైపు చూడను కూడా చూడలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తూ నాతో అన్నాడు: ‘పాయింట్ చూడకుండా కార్బొరేటర్ మీద చెయ్యేశావనుకో, ఇవాళే కాదు, రేపు కూడా ఇక్కడే కూర్చుంటావు.’

ఆ మాటలో ఎంత విషయం ఉందో చూడండి. పాయింట్లలో క్యామ్‌ని తాకే ఫైబర్ ముక్క రోజూ కొద్దికొద్దిగా అరుగుతుంది. అరిగితే గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. తెరుచుకున్నప్పుడే రవ్వ అని చెప్పుకున్నాం కదా, కాబట్టి టైమింగ్ వెనక్కి పోతుంది. బండి లాగదు. తెలియనివాడు పెట్రోల్ చాలట్లేదేమో అని కార్బొరేటర్ రిచ్ చేస్తాడు. ఇప్పుడు తప్పులు రెండయ్యాయి. అందుకే వరస ముఖ్యం: ముందు ట్యాపెట్ గ్యాప్, తర్వాత ప్లగ్‌లు, తర్వాత పాయింట్లు, తర్వాత టైమింగ్, చిట్టచివర కార్బొరేటర్.

లూకాస్ డిస్ట్రిబ్యూటర్ ఉన్న ఈ రకం ఇంజన్లకి పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్ గ్యాప్ సుమారు 0.6. ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి, కంటితో కాదు. టైమింగ్ చూడటానికి ఖరీదైన లైట్ లేకపోయినా 12 వోల్టుల బల్బు చాలు. బల్బు ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కన కాయిల్ నుంచి వచ్చే సన్న వైరు టెర్మినల్‌కి, రెండోది ఇంజన్ బాడీకి. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉండాలి, రోటర్ ఒకటో ప్లగ్ వైరు వైపు చూస్తుండాలి. క్రాంక్ పుల్లీ మీద గంటు ఉంటుంది, మాన్యువల్ చెప్పిన డిగ్రీల గుర్తు దగ్గర దాన్ని ఆపండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, క్లాంప్ వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ని మెల్లగా తిప్పండి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్ తెరుచుకున్న క్షణం. అక్కడ బిగించండి. ప్లగ్ వైర్ల వరస 1-3-4-2, అది తప్పితే మిగతాదంతా దండగ.

ఇప్పుడు కార్బొరేటర్. ఇంజన్ బాగా వేడెక్కాకే ముట్టుకోవాలి. గాలీ పెట్రోలూ బరువులో 14.7కి 1 ఉంటే మొత్తం సరిగ్గా మండుతుంది. ఎస్‌యూ అయితే పక్కన ఒక చిన్న పిన్ ఉంటుంది, దాంతో లోపలి పిస్టన్‌ని ఒక్క మిల్లీమీటర్ కంటే తక్కువ ఎత్తి చూడండి. ఇంజన్ స్పీడ్ పెరిగి అలాగే ఉండిపోతే రిచ్. నీరసపడి ఆగబోతే లీన్. ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉన్నట్టు. కింద ఉన్న నట్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ సరిచేయాలి. సోలెక్స్‌లో అయితే స్లో స్పీడ్‌కి ఒక మిక్స్చర్ స్క్రూ, మిగతాదంతా జెట్ సైజు మీదే. తర్వాత కాసేపు నడిపి ప్లగ్ తీసి చూడండి. బిస్కెట్ రంగులో ఉంటే మంచిది. నల్ల మసి పడితే రిచ్, తెల్లగా పాలిపోతే లీన్. ఇదంతా ఆరుబయట చేయండి. మూసిన షెడ్‌లో ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపేస్తుంది, వాసన కూడా రాదు.

ఇక్కడితో అయిపోలేదు. మాన్యువల్‌లో రాసిన డిగ్రీలు ఏ పెట్రోల్‌కి రాశారు? 1950లు, 60ల నాటి పెట్రోల్‌కి. అది ఇప్పుడు భూమ్మీద ఏ బంకులోనూ లేదు. కాబట్టి ఆ డిగ్రీలు మొదలుపెట్టడానికి మాత్రమే. చివరి మాట రోడ్డుదే. మేస్త్రీ కూడా అదే చేశాడు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేర్‌లో, తక్కువ స్పీడ్‌లో, పూర్తిగా తొక్కి విన్నాడు. టింగ్ టింగ్ అంటూ కొనసాగితే డిస్ట్రిబ్యూటర్ కాస్త వెనక్కి. అస్సలు లేకపోతే, పికప్ మందంగా ఉంటే, ఒక్క చుక్క ముందుకి. మోడల్ టీ రైతు ఎడమ చేత్తో చేసిన పనే ఇది, ఒక్కసారి చేసి బిగించేస్తాం, అంతే తేడా.

సీసం పోయాక పాత ఇంజన్‌కి ఇంకో సమస్య మిగిలింది. వాల్వు సీట్ల మీద సీసం ఒక పొరలా ఉండి అరగకుండా కాపాడేది. హెడ్‌లోని ఇనుములోనే సీటు కోసిన పాత ఇంజన్లలో, గట్టిగా తోలితే, ఎగ్జాస్ట్ వాల్వు లోపలికి దిగబడుతుంది. ట్యాపెట్ గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంటే అనుమానించండి. గట్టి సీట్లు వేయిస్తే సరిపోతుంది. పిల్లల మెదడుతో పోలిస్తే ఇదొక ఖర్చేనా?

ఇప్పుడు ఈ20. మిడ్గ్లీ పక్కన పెట్టిన ఆల్కహాల్ మళ్లీ వచ్చింది, 20 శాతం. దాని ఆక్టేన్ ఎక్కువ, కాబట్టి నాకింగ్ విషయంలో మంచిదే. కానీ ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది, దానికి గాలి తక్కువ చాలు. స్వచ్ఛమైన పెట్రోల్‌కి 14.7 అయితే ఈ20కి సుమారు 13.5. పాత జెట్‌లు పాత లెక్కకి చేసినవి. అంటే మీరు ఏమీ ముట్టుకోకపోయినా బండి 8 శాతం లీన్ అయిపోయింది! కొత్త బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని సర్దుకుంటుంది. మీ బీఎస్-6 బైక్ ఇప్పుడు ఆ పనే చేస్తోంది. కార్బొరేటర్‌కి కళ్లు లేవు. లీన్ మిశ్రమం మెల్లగా మండుతుంది, వేడెక్కుతుంది, పొద్దున స్టార్టింగ్ కష్టం, మధ్యలో మిస్ కొడుతుంది. పైగా లీటర్‌లో శక్తి లెక్క ప్రకారం 6, 7 శాతం తక్కువ, కాబట్టి మైలేజ్ పడిపోయిందంటే అది మీ ఊహ కాదు.

ఏం చేయాలి? ఎస్‌యూ అయితే నట్ కొంచెం దించి రిచ్ చేయండి. మిడిల్ స్పీడ్‌లో ఇంకా లీన్‌గా ఉంటే సూది మార్చాలి. సోలెక్స్ అయితే ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేసి ప్లగ్ రంగు చూడండి. ఆక్టేన్ ఎక్కువ కదా అని టైమింగ్ ఒకేసారి ముందుకి తిప్పేయకండి, ఒక్కో డిగ్రీ జరిపి ఎత్తు మీద వినండి. పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్ ఇథనాల్‌కి ఉబ్బి పగుళ్లిస్తాయి, ముందు అవి మార్చండి, మంట ప్రమాదం అక్కడే ఉంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, అందుకని నెలల తరబడి బండి ఆపేసేటప్పుడు ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేసి పెట్టండి.

తాతగారి కారు షెడ్‌లో ఉన్నవాళ్లు ఈ ఆదివారం డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు ఒకసారి చూడండి. బ్యాటరీ వైరు ముందే తీసేయండి. వచ్చే ఎపిసోడ్‌లో డైనమో, ఆల్టర్నేటర్ సంగతి చూద్దాం. ఉంటాను.